నాగు ధాన్యమును, సహకార సంఘమును

భోగాపురము, భీమునిపట్టణము, పూసపాటిరేగ ప్రాంతముల వయసు మళ్ళినవారిలో "నాగు" అను మాట యెరుగనివారు తక్కువ. విత్తుల కాలమున షావుకారు గాదెనుండిగాని, నిలువగల పెద్దరైతు గాదెనుండిగాని ధాన్యము తెచ్చుకొని, నూర్పులు కాగానే దానిపై కొంత చేర్చి కళ్ళములోనే కొలిచి ఇచ్చుటకు నాగని పేరు. కొన్నిచోట్ల పుట్టికి పాతిక, కొన్నిచోట్ల పుట్టికి అర చేర్చెడివారు. వినుటకిది పెద్ద భారముగా తోచదు. కాని ఆషాఢమున తెచ్చిన గింజ పుష్యమాసమున తిరిగి ఇచ్చునది. నడుమ గడచునవి ఆరు మాసములే. ఆరు మాసములకు పాతిక యనగా ఏడాదికి నూటికి ఏబది. అర యనగా నూటికి నూరు. సహకార సంఘముల చరిత్ర చెప్పబూనినవారు సాధారణముగా చట్టములతో మొదలుపెట్టుదురు. నాకు మాత్రము ఈ కుంచము కొలతతో మొదలుపెట్టుట న్యాయమని తోచుచున్నది. ఏలయన సంఘము ఎదుర్కొనవలసి వచ్చినది ఈ కుంచమునే.

నాగులో ఇంకొక మర్మము కలదు. ధాన్యమును ధాన్యముగనే వ్రాసికొన్నచో పైన చెప్పినంతయే లెక్క. రొక్కముగా వ్రాసికొన్నచో లెక్క మారును. ఉదాహరణమునకు, ఆషాఢమున పుట్టి ధర పండ్రెండు రూపాయలనుకొందము. షావుకారు పుట్టి ధాన్యమిచ్చి ఖాతాలో పండ్రెండు రూపాయలు వ్రాసికొనును. పుష్యమునకు వడ్డీ మూడు రూపాయలు చేరి పదునైదగును. అప్పటికి ఊరందరి ధాన్యము ఒక్కసారిగా కళ్ళములకు వచ్చుటచే ధర ఎనిమిది రూపాయలకు దిగును. పదునైదు రూపాయలు తీరుటకు రైతు రమారమి రెండు పుట్లు కొలువవలెను. ఇందు దొంగలెక్క యేమియు లేదు. అంకెలన్నియు సరిగనే యున్నవి. అయినను తెచ్చినది ఒక పుట్టి, ఇచ్చినది రెండు పుట్లు.

మెట్టపంటలకు ఈ బంధము మరింత గట్టిది. సముద్రమునకు చేరువనున్న ఈ ఎర్రనేలలలోను, ఇసుకనేలలలోను చెరువు క్రింది వరి కొంతయే. చోడి, గంటె, నువ్వు, వేరుసెనగ, గోగు మొదలగునవి వానను నమ్మి వేయునవి. వీనిలో నువ్వు, గోగునార ఇంటి తిండికి గాక విపణికి పోవు సరకులు. భీమునిపట్టణపు రేవునుండి గోగునార ఎంతగా ఎగుమతి యయ్యెననగా, పరదేశపు వర్తకులు ఆ నారను "బిమ్లిపటం జూటు" అని ఆ యూరిపేరనే పిలిచిరి. చిట్టివలసలోను, నెల్లిమర్లలోను నారమిల్లులు వెలసెను. ఇంత వ్యాపారము నడచుచుండగా నార పండించినవానికి కలిమి రావలదా యని ఎవరికైనను సందేహము కలుగును. రాకుండుటకు కారణమిది: విత్తనమునకు, శిస్తునకు, ఇంటిలో గింజలు నిండుకొన్నపుడు తిండికి రైతు వర్తకుని మనిషివద్ద బయానా తీసికొనుచుండెను. గోగుకట్టలు చెరువునీట ఊరకమునుపే ఆ నార ఎవరికి పోవునో, ఏ ధరకు పోవునో తేలిపోయి యుండెను. అప్పిచ్చినవాడే సరకు కొనువాడు, కొనువాడే తూచువాడు. ఈ మూడు పనులు ఒక్క చేతిలో నుండుటయే రైతు దారిద్ర్యమునకు మూలము. వడ్డీరేటు దానికి పైకొమ్మ మాత్రమే.

అట్లని షావుకారును రాక్షసునిగా చిత్రించుట నా ఉద్దేశము కాదు. ఆతడు నడిరేయి వచ్చి తలుపు తట్టినను అప్పు ఇచ్చెడివాడు. కాగితము అడిగెడివాడు కాడు. ఏ పొలమున ఏమి పండునో, ఎవని కూతురి పెండ్లి ఎపుడో ఆతనికి తెలిసియుండెను. పంట పోయిన యేడు బాకీని మరుసటి యేటికి జరపెడివాడు. ఈ గుణములను గుర్తింపక ఆతనిని తొలగింపబూనిన ప్రతి ప్రయత్నమును విఫలమయ్యెను. అందు మొదటిది ప్రభుత్వము వారి తక్కావి. 1883లో భూమి బాగుచేతకు, 1884లో విత్తనములకు, పశువులకు అప్పులిచ్చుటకు రెండు చట్టములు వచ్చెను. వడ్డీ స్వల్పమే. కాని దరఖాస్తు పెట్టుట, కరణము చేత అడంగలు వ్రాయించుట, తాసిల్దారు విచారణ, జామీను ఇవన్నియు ముగిసి రూపాయలు చేతికి వచ్చుసరికి విత్తుల అదను దాటిపోవుచుండెను. పంట పోయినను వాయిదా తప్పదు. రైతు అటు చూచి, ఇటు చూచి, మరల గాదె తలుపే తట్టెను.

చెన్నరాజధానిలో రైతుల ఋణబాధ యెంతయో తేల్చి మార్గము చెప్పుమని 1892లో ఫ్రెడరిక్ నికల్సన్ అను ఉద్యోగిని ప్రభుత్వము నియమించెను. ఆయన 1895, 1897 సంవత్సరములలో రెండు సంపుటముల నివేదిక సమర్పించెను. రాజధానిలోని గ్రామీణుల ఋణము నలుబదియైదు కోట్ల రూపాయలని ఆయన అంచనా. ఐరోపా దేశములలోని రైతు బ్యాంకుల రీతులను, మన దక్షిణ జిల్లాలలోని నిధులను విచారించి, ఆయన చేరిన నిర్ణయము ఆశ్చర్యకరమైనది. డబ్బు తక్కువయగుట వ్యాధి కాదనియు, జర్మనీదేశపు రైఫైజెన్ వంటి మనుష్యుని ప్రతి జిల్లాలోను వెదకి పట్టుకొనుటయే ఔషధమనియు ఆయన భావము.

ఈ రైఫైజెన్ ఎవరో మన పెద్దలు తెలిసికొనవలసి యున్నది. ఆయన జర్మనీలో కొండనేలల గ్రామములకు గ్రామాధికారి; మన మునసబు వంటివాడని అనుకొనవచ్చును. 1846–47 చలికాలమున కరవు వచ్చినపుడు ధనికులను కూడగట్టి బీదలకు రొట్టెలు, విత్తనములు ఇప్పించెను. తరువాత ధనికుల సొమ్ముతోనే రైతులకు అప్పులిచ్చు సంఘము స్థాపించెను. కొన్నాళ్ళకు ధనికుల ఉత్సాహము చల్లబడెను. దానధర్మముమీద నిలుచు సంఘము నిలువదని ఆయన గ్రహించి, 1864లో హెడ్డెస్డోర్ఫ్ అనుచోట అప్పు తీసికొనువారే సభ్యులు, వారే జామీనుదారులు, వారే యజమానులు అగునట్లు సంఘమును మార్చెను. ఒక ఊరికి ఒక సంఘము, ఒకరినొకరు ఎరిగినవారే సభ్యులు, ఒకడు ఎగవేసినచో అందరి ఆస్తియు బాధ్యత వహించును, పెత్తనము చేయువారికి జీతము లేదు, లాభము పంచుకొనరాదు. షావుకారునకున్న పెద్ద బలము, అనగా ఊరివాని గుణము ఊరివానికి తెలియుట, ఈ యేర్పాటుతో సంఘమునకు వచ్చెను. రైఫైజెన్ కనుగొన్న రహస్యమంతయు ఇదియే.

1901లో సర్ ఎడ్వర్డ్ లా అధ్యక్షతన ఒక సభ కూర్చుండెను. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. ఒకే ఊరివారో, ఇరుగుపొరుగువారో పదునెనిమిదేండ్లు దాటిన పదిమంది చేరినచో సంఘము ఏర్పడవచ్చును. పల్లెటూరి సంఘములో అయిదింట నాలుగువంతులమంది సేద్యగాండ్రై యుండవలెను. ఆ సంవత్సరమే చెంగల్పట్టు జిల్లా తిరూరులో చెన్నరాజధానికి మొదటిదనదగిన గ్రామ సంఘము వెలసెను. చట్టము పేరులోనే యొక లోపము కలదు: అది "పరపతి" సంఘముల చట్టము. అప్పిచ్చుట తప్ప సరకు అమ్మిపెట్టుటకు, కొనిపెట్టుటకు అందు చోటు లేదు. ఎనిమిదేండ్ల తరువాత 1912లో రెండవ చట్టము వచ్చి అన్నివిధముల సంఘములకు, వానిపైన కేంద్రబ్యాంకులకు అవకాశమిచ్చెను. అప్పటికే మొదటి అలవాటు స్థిరపడిపోయెను. సహకార సంఘమనగా అప్పిచ్చు సంఘమని ప్రజలును, ఉద్యోగులును అనుకొనిరి. ఈ తలపు మనలను నేటికిని విడువలేదు.

ఈ కాలముననే, 1906లో, చెన్నపట్టణమున ఆర్బత్నాట్ కంపెనీ యను పెద్ద ఆంగ్లేయుల బ్యాంకు దివాలా తీసెను. ఎందరో మధ్యతరగతివారి దాపుడు సొమ్ము అందు మునిగెను. దొరల బ్యాంకు చెడదను నమ్మకము పోయెను. మన సొమ్మును మనమే కాపాడుకొనవలెనను తలపు పట్టణములలో ఇండియన్ బ్యాంకునకు దారితీయగా, గ్రామములలో సహకారమునకును కొంత బలము చేకూర్చెనని నా యూహ.

ఇక మన ప్రాంతము మాట. గోదావరి, కృష్ణా డెల్టాలలో సంఘములు చురుకుగా పెరిగెను. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తియై, పంట నమ్మదగినదయ్యెను. రైత్వారీ పట్టా చేతనున్న రైతునకు పరపతి యుండెను. విజయనగరము వైపు స్థితి వేరు. ఇచ్చటి గ్రామములు పెక్కు విజయనగర సంస్థానమునకో, చిన్న జమీలకో, ఇనాములకో చెందినవి. 1794లో పద్మనాభముకడ చిన విజయరామరాజు యుద్ధమున మడిసిన పిదప ఇంగ్లీషువారి పెత్తనము స్థిరపడెను. 1802 శాశ్వత పైసలాతో జమీందారుడు శిస్తుదారుడయ్యెను. రైతునకు నేలమీద హక్కేమిటన్న ప్రశ్న మాత్రము నూరేండ్లు అట్లే యుండిపోయెను. 1908 ఎస్టేట్ల భూముల చట్టము జిరాయితీ హక్కును స్పష్టపరచువరకు ఇచ్చటి రైతు దున్నుచున్న నేలను ధైర్యముగా తనదని చెప్పి తాకట్టు పెట్టుటయే కష్టము. వాన నమ్మకము లేదు, హక్కు నమ్మకము లేదు. ఇట్టిచోట అపరిమిత బాధ్యత అనగా పదిమంది బీదలు ఒకరికొకరు జామీను నిలుచుటయే. డెల్టావారితో పోల్చి మనవారిని సోమరులనుటకు అలవాటుపడినవారు ఈ సంగతి గమనింపవలెను.

సంఘములు ఇచ్చటను వెలసెను. వాని పుస్తకములలో మొదటి పేర్లు ఎవరివి? మునసబు, కరణము, పెద్దకాపు, తరచుగా నాగు ధాన్యమిచ్చెడి ఆసామి. చదువు వచ్చినవారు వారే గనుక అది సహజమే. కాని దాని ఫలితము సహజముగా అనుకొన్నట్లు రాలేదు. పెద్దకమతములవారికి స్వల్పవడ్డీకి సొమ్ము దొరకెను. కొందరు ఆ సొమ్మునే ఎక్కువ వడ్డీకి కంబారికి, కౌలుదారునకు తిరిగి ఇచ్చిరి. వాయిదానాడు ఒక వింత తంతు జరుగుచుండెను. సభ్యుడు షావుకారువద్ద ఒక్కరోజునకు సొమ్ము తెచ్చి సంఘమునకు కట్టును. మరునాడు సంఘమునుండి అంతయే క్రొత్త అప్పు తీసికొని షావుకారునకు ఇచ్చివేయును. పుస్తకములో బాకీ వసూలు, క్రొత్త అప్పు అని రెండు పద్దులు పడును. నోటు తిరగవ్రాసికొనుట మనకు తెలిసినదే గదా. సంఘములో అది రశీదుతో కూడ జరిగెను. ఇట్టి సంఘముల లెక్కలు చూచి పైవారు సంతోషించెడివారు.

1929 తరువాత ప్రపంచమంతట ధరలు కూలినవి. ధాన్యము, నార, నూనెగింజలు అన్నియు పడిపోయెను. అప్పు మాత్రము రూపాయలలో అట్లే నిలిచెను. సంఘముల అసలు రంగు అపుడు బయటపడెను, మొండిబాకీలు పేరుకొనెను, పెక్కు సంఘములు మూతబడెను. చెన్నరాజధాని గ్రామీణ ఋణము 1930 నాటి బ్యాంకింగు విచారణలో నూట యేబది కోట్లని, 1935లో సత్యనాథన్ నివేదికలో ఇన్నూరు కోట్లని తేలెను. నికల్సన్ నాటి నలుబదియైదు కోట్లతో పోల్చి చూడుడు. 1929లోనే దీర్ఘకాలపు అప్పులకై చెన్నపట్టణమున కేంద్ర భూమి తనఖా బ్యాంకు ఏర్పడెను. చెన్నరాజధాని సహకార బ్యాంకును నడపిన వేమవరపు రామదాసు పంతులుగారు ఈ కష్టకాలమున సహకారము ప్రభుత్వ శాఖగా మారిపోరాదని, ప్రజల యుద్యమముగా నిలువవలెనని పట్టుబట్టినవారిలో ముఖ్యులు. 1938లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము రైతు ఋణ విమోచన చట్టము తెచ్చెను. 1932 అక్టోబరు మొదటి తేదీకి ముందటి అప్పులపై నిలిచిపోయిన వడ్డీ రద్దు. అసలునకు రెట్టింపు ఇదివరకే చెల్లించియున్నచో అప్పే తీరినట్లు. ఈ చట్టమువలన ఎన్నో కుటుంబములు ఊపిరి పీల్చుకొనెను. అయినను మరుసటి ఆషాఢమున విత్తనమునకు సొమ్మెవరిచ్చెదరను ప్రశ్నకు ఆ చట్టమునందు సమాధానము లేదు.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1951–52లో దేశమున డెబ్బదియైదు జిల్లాలలో ఆరువందల గ్రామములు తిరిగి, రైతునకు అప్పు ఎవరినుండి వచ్చుచున్నదో రిజర్వు బ్యాంకువారు లెక్కించిరి. 1954లో నివేదిక వెలువడెను. రైతు చేయు అప్పులో సహకార సంఘములనుండి వచ్చునది నూటికి 3.1 వంతులు. ప్రభుత్వమునుండి 3.3. వృత్తిగా వడ్డీవ్యాపారము చేయువారినుండి 44.8, సేద్యము చేయుచు వడ్డీకిచ్చువారినుండి 24.9. అర్ధశతాబ్దము సహకారమును గూర్చి ప్రసంగించి, చట్టములు చేసి, పుస్తకములు వ్రాసి, చివరకు తేలినది నూటికి మూడు రూపాయలు. ఆ సంఘము పెద్దలు దీనిని దాచక చెప్పిరి. అంతేకాదు, కారణమునుకూడ కనుగొనిరి: పరపతిని, పంట అమ్మకమును విడదీయుటయే తప్పనియు, గిడ్డంగి, విపణి, అప్పు ఒక్క కట్టుగా నడువవలెననియు సలహా యిచ్చిరి. కొలుచు కుంచమును వదలి ఇచ్చు రూపాయనే పట్టుకొన్నందువలన సంఘము ఓడినదని నేను మొదట చెప్పిన దానికిది సాక్ష్యము.

ఈ సలహా పుట్టకమునుపే మన విశాఖ మండలములోనే దానిని ఆచరించి చూపినవారు కలరు. 1932లో విదేశపు పంచదారపై సుంకము విధింపబడగా దేశమున చక్కెర మిల్లులు లేచెను. ఆ వరుసలో 1933 ప్రాంతమున వరాహానదీ తీరమున ఏటికొప్పాకలో చెరకు రైతులు సహకార పద్ధతిని చక్కెర కర్మాగారమునకు పూనుకొనిరి. లక్క బొమ్మలకు పేరొందిన ఆ యూరు సహకార చక్కెరకును దేశములో మొదటివానిలో నొకటి. మహారాష్ట్రమున ప్రవరా కర్మాగారము పుట్టుటకు చాల ముందటి మాట ఇది. అంతకుమునుపు చెరకు రైతు గతియేమి? బెల్లము వండి అనకాపల్లి విపణికి తోలుట. అచ్చటి వర్తకుని బయానా తీరుట. కర్మాగారము తనదైనపుడు చెరకును కొనువాడును తానే. అప్పు చెరకు బిల్లులో తెగిపోవును. తూకము తన మనుష్యులయెదుట జరుగును. పైన చెప్పిన మూడు పనులు షావుకారు చేతినుండి సంఘము చేతికి వచ్చుట యనగా ఇదియే. ఇట్టి సంఘములును చిరంజీవులు కావు. విజయనగరమునకు దగ్గర భీమసింగిలోని విజయరామ గజపతి సహకార చక్కెర కర్మాగారమున 2020 ప్రాంతమున గానుగ ఆగినది. పాతబడిన యంత్రములు, అప్పుల భారము, చెరకు సొమ్ము వేళకు అందక రైతులు వేరు పంటలకు మరలుట దీనికి కారణములు. రైతుకు వేళకు సొమ్ము ముట్టనిచో అది సంఘమైనను, షావుకారైనను ఒక్కటే.

1948 చట్టముతో జమీలు రద్దయి, తరువాతి యేండ్లలో పట్టాలు రైతుల చేతికి వచ్చెను. నూరేండ్ల హక్కు ప్రశ్న చాలవరకు తీరెను. సంఘముల సంఖ్యయు, సొమ్మును పెరిగెను. కాని ఆ సొమ్ము ఎచ్చటినుండి వచ్చెను? సభ్యుల దాపుడునుండి గాదు, పైనుండి. రైఫైజెన్ 1864లో విడిచిన మార్గమునే మనము పట్టితిమి; ధనికులకు బదులు ప్రభుత్వము నిలిచెను. 1959లో కాంగ్రెసువారు నాగపురమున సహకార సేద్యపు తీర్మానము చేయగా, ఆచార్య రంగాగారు రైతు నేలపై పెత్తనము పోవునని దానిని ఎదిరించి, స్వతంత్ర పార్టీకి మొదటి అధ్యక్షులైరి. ఆ వాదములో ఎవరి పక్షము వహించినను, ఒక్కటి నిజము: పైనుండి వచ్చు సహకారమును రైతు నమ్మలేదు. 1964 ఆంధ్రప్రదేశ్ చట్టము పాలకవర్గమును తొలగించి ప్రత్యేకాధికారిని నియమించు అధికారమును శాఖకిచ్చెను. ఎన్నికలు వాయిదాపడుట, పదవీకాలము పొడిగింపబడుట మామూలయ్యెను. ఋణమాఫీ ప్రకటింపబడినప్పుడెల్ల వాయిదాకు కట్టినవాడు వెర్రివాడును, ఎగవేసినవాడు తెలివిగలవాడును అయినారు. ఇది కటువుగా నుండవచ్చును. కాని సంఘముల పుస్తకములు చూచినవారు కాదనలేరు.

దీనికి భిన్నమైన చరిత్ర తెలంగాణమున ములుకనూరుది. పూర్వపు కరీంనగరు జిల్లాలో, నేటి హనుమకొండ జిల్లాలో, అదియు మెట్టప్రాంతమే. మనకంటె వాన ఎక్కువ లేదు. 1956లో అల్గిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డిగారు పదునాలుగు గ్రామములకు కలిపి గ్రామీణ బ్యాంకును, అమ్మకపు సంఘమును ఒక్కటిగనే నెలకొల్పిరి. అప్పిచ్చునది ఆ సంఘమే. ఎరువు, విత్తనము అమ్మునది ఆ సంఘమే. ధాన్యమును, ప్రత్తిని కొని మర పట్టించి అమ్మునదియు ఆ సంఘమే. సభ్యుడు తన పంటను సంఘమునకు తోలినపుడు బాకీ అందులోనే తీరును. మిగిలినది చేతికి వచ్చును. సభ్యుల పొదుపు ఏటేట పెరుగును. నికల్సన్ వెదకుమన్న మనిషి అచ్చట దొరకెనని చెప్పవచ్చును. ఆ మనిషి పోయిన తరువాతను సంఘము నిలిచియుండుట మరింత విశేషము.

మన తీరమున మరియొక వర్గమును మరువరాదు. ముక్కాము, చేపలకంచేరు వంటి పల్లెల గంగపుత్రుల బంధము నాగుకు సోదరియే. తెప్పకు, వలకు వర్తకుడు ముందుగా సొమ్మిచ్చును. చేప ఒడ్డున పడగానే ఆతనికే, ఆతడు చెప్పిన ధరకే పోవలెను. చేపను గాదెలో పోసి ధర వచ్చువరకు ఆపుట సాధ్యము కాదు గనుక ఈ బంధము రైతు బంధముకంటెను బిగువైనది. విచిత్రమేమనగా, రైతు బ్యాంకుల నివేదిక వ్రాసిన నికల్సనే తరువాత 1907 నుండి చెన్నరాజధాని చేపల పరిశ్రమకు ఆద్యుడై, ఉప్పువేయుట, నిలువచేయుట మొదలగు పనులలో బెస్తవారికి తోడ్పడజూచెను. చేప నిలువయుండిననే బెస్తవాడు బేరమాడగలడని ఆయన గ్రహించియుండవలెను. మత్స్యకార సంఘములు తరువాత వచ్చెను. వలకు, పడవకు రాయితీ తెచ్చుటలో అవి పనికివచ్చినవి. ఒడ్డున వేలమును తమ చేతికి తెచ్చుకొన్నవి మాత్రము అరుదు.

1987లో మన రాష్ట్రమున స్వల్పకాలపు అప్పు, దీర్ఘకాలపు అప్పు ఒక్క సంఘములోనే దొరకునట్లు ఏకగవాక్ష పద్ధతి ప్రవేశపెట్టబడెను. 1995లో ప్రభుత్వ ధనము తీసికొనని సంఘములు తమ వ్యవహారము తామే నడుపుకొనుటకు పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము వచ్చెను. భారతదేశమున అట్టి చట్టము అదియే మొదటిది. పెద్దలకు నా మాట రుచింపకపోవచ్చును గాని, ఆ చట్టమును నిజముగా ఉపయోగించుకొన్నవారు మన ఆడువారు. 1990 దశకమున రోజుకొక రూపాయి దాచుటతో మొదలైన పొదుపు సంఘములు మండల సమాఖ్యలై ఆ చట్టము క్రింద నమోదైనవి. పదిపండ్రెండుమంది ఒకరినొకరు ఎరిగినవారు, ముందు పొదుపు, తరువాత అప్పు, ఒకరు తప్పినచో అందరును అడుగుట: హెడ్డెస్డోర్ఫ్ పేరు వినకయే వారు ఆ పద్ధతిని పట్టుకొనిరి. మగవారి సంఘములలో నూరేండ్లకు రానిది అచ్చట పదేండ్లకు వచ్చెను.

మిగిలినది కౌలుదారు సంగతి. 1904లో జిరాయితీ హక్కులేని రైతు సంఘము వాకిట ఎట్లు నిలుచుండెనో, నేడు పట్టాలేని కౌలుదారు అట్లే నిలుచున్నాడు. 2011లో ఒక చట్టము, 2019లో మరియొక చట్టము ఆతనికి సాగుకార్డు ఇప్పించి, దానిమీద పంట అప్పు ఇప్పింపజూచెను. 2019 చట్టములో కార్డు గడువు పదునొకండు మాసములు. దానికి భూస్వామి సంతకము కావలెను. భోగాపురము వైపు 2015లో విమానాశ్రయపు ప్రతిపాదన వచ్చిననాటినుండి సెంటు భూమికిని ధర పలుకుచున్నది. ఏ కాగితముమీదనైనను సంతకము చేయుటకు భూస్వామి జంకును. సంతకము లేనిదే కార్డు లేదు. కార్డు లేనిదే సంఘములో అప్పు పుట్టదు. విత్తుల అదను మాత్రము ఆగదు. ఆషాఢము వచ్చునప్పటికి ఆ కౌలుదారు విత్తనము ఎచ్చట తెచ్చుకొనుచున్నాడో, కళ్ళములో ఎవరికి కొలుచుచున్నాడో మీ ఊరి సంఘపు సర్వసభ్య సమావేశమున ఒక్కసారి అడిగి చూడుడు.